కందకంలో మేజర్ బాలకిష్టయ్య

గద్వాలలో మగ్గం నేసే బాలకిష్టయ్య టీవీ సీరియల్లో మేజర్ వేషం కట్టిన నాటి నుంచి ఆ వాడలో ఆయన్ని పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. పిలిచినా పలకడు. "మేజర్ సాబ్" అంటేనే మీసం ఓసారి సవరించుకొని, తల తిప్పుతాడు. యుద్ధం రోజుల్లో కృష్ణ ఒడ్డున ఓ వంతెనకు కాపలా ఉన్న పటాలం, ఊరికే అరుస్తూ తిరిగే దాని మేజరు, ఇదీ ఆ హాస్య సీరియల్ కథ. వేషం కట్టాల్సిన నటుడికి జ్వరం తగిలింది. షూటింగ్ చూడ్డానికి పోయిన బాలకిష్టయ్యకు మీసమూ ఉంది, గొంతూ ఉంది. ఇంకేం, యూనిఫాం తొడిగేశారు.

ఆ సీరియల్ ఈ సాయంత్రమే మొదలు. భార్య శారదమ్మ పొద్దున్నుంచి ఇల్లిల్లూ తిరిగి వాడంతా పిలిచొచ్చింది. టీవీని గడప దాకా జరిపి, వీధివైపు తిప్పిపెట్టింది. జనం అరుగు మీద కొందరు, ఎదురింటి మెట్ల మీద కొందరు సర్దుకుని కూర్చున్నారు. బాలకిష్టయ్య మాత్రం టీవీ వైరు వైపే చూస్తున్నాడు.

సంగతేమిటంటే, షూటింగు చివరి రోజున ఉత్తుత్తి బాంబు పేలినప్పుడు ఆయన నిజంగానే జడుసుకున్నాడు. డైరెక్టర్ చెప్పకముందే కందకంలోకి దూకి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనకే తెలియదు. కళ్లు తెరిచేసరికి అందరూ పొట్టలు పట్టుకొని నవ్వుతున్నారు. ఎందుకని అడగడానికి మొహం చెల్లక, యూనిఫాం విప్పిచ్చి ఇంటికొచ్చాడు. టీవీలో వచ్చే మొదటి భాగం ప్రకటనలో బాంబు పేలేదాకా చూపించి ఆపేస్తున్నారు. మిగతాది ఇవాళ వస్తుంది. మేజర్ సాబ్ ఉత్త పిరికివాడని తేలిపోతే, రేపటి నుంచి ఈ వీధిలో తలెత్తుకొని నడిచేదెలా? కరెంటు పోవాలని మొక్కుకున్నాడు. పోయే సూచనలేవీ కనిపించలేదు. ఇక మిగిలింది నోరొక్కటే. మాటల్లో పెడితే జనం టీవీ సంగతి మరిచిపోతారేమో అని ఆశ.

"షూటింగుల మొదాలు నేనేం జేసిన? ఒక్క సెల్యూట్ గొట్టిన, గంతే," అని వినయంగానే మొదలుపెట్టాడు. "డైరెక్టర్ పరేషానయ్యి, సార్, మీరు మిలిటరీల జేసిండ్రా అన్నడు. లేదు బాబూ, మగ్గం మీద జేసిన అన్న."

అక్కడితో ఆపితే బాగానే ఉండేది. కానీ శివశంకర్ రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. మేనల్లుడని కూడా చూడకుండా బాలకిష్టయ్య వాణ్ని గుడ్లురిమి చూసి, గొంతు పెంచాడు.

"ఇగ తర్వాత ఏమైందో ఎరికేనా? బాంబు వెట్టిండ్రు, వత్తి అంటిచ్చిండ్రు, అది పేల్తలేదు. ఒక్కడు గూడ దగ్గరికి వోతలేడు. నేను వోయి, ఎడమ చేత్తోని లేపి, గిట్ల చెవికాడ వెట్టుకొని ఇన్న."

"బాంబు ఏం జెప్పిందన్నా?" అన్నాడు ఇస్రాయేలు. వడ్డేపల్లి నుంచి వచ్చి ఆ వీధిలోనే ఇళ్లు కడుతున్న మేస్త్రీ అతను. పని దిగి, చేతులకు సిమెంటు కూడా కడుక్కోకుండా వచ్చాడు.

"నువ్వు జర ఊకో తమ్మీ. లోపల సుయ్యిమంటుంది. ఈడ పేల్తే ఊరు మిగలదని కుడి చేతికి మార్చి ఇసిరిన సూడు, పోయి కృష్ణ నడుమల వడ్డది. ఆ దెబ్బకు లేసిన నీళ్లు శ్రీరంగాపూర్ చెరువుల వడ్డయ్. గుడికొచ్చినోళ్లంత గొడుగులు దెరిసిండ్రు."

"ఎండకాలం గొడుగులు యాడియి మామా?" అన్నాడు శివశంకర్.

"ఎండకే దెచ్చుకుండ్రు, వానకు పనికొచ్చినయ్! మధ్యల మాట్లాడకు. ఆ సప్పుడుకు పైన వోతున్న హెలికాప్టర్ కిందికొచ్చింది. అసలు మిలిటరీది. అండ్లకెళ్లి పెద్దాఫీసర్ దిగి, మేజర్ సాబ్, మీరు సరిహద్దుకు రావాలె, గాని మాకాడ ప్యారాచూట్లు తక్కువున్నయ్ అన్నడు. తక్కువుంటే నేసుకోరాదా అన్న. కూసున్న, పొద్దు గుంకకముందే నేసిన, మడత వెట్టి అగ్గిపెట్టెల వెట్టుకున్న. మన గద్వాల చీర వడ్తది, ప్యారాచూట్ వట్టదా?"

"మరి అగ్గిపుల్లలేం జేసినవన్నా?" ఇస్రాయేలు వదిలిపెట్టేలా లేడు.

"ఒక్కటి ఉంచుకున్న. మబ్బుల చీకటుంటే గీసి సూసుకోవద్దా? ఇగ హెలికాప్టర్లకెళ్లి దుంకిన. నల్లమల గాలి ఎదురు గొట్టింది. అచ్చంపేట కాడ ప్యారాచూట్ ఓ నల్లమబ్బుకు తట్టుకున్నది. నేను ఇడుస్తనా? మబ్బును గూడ గుంజుకుంట గద్వాల దాంక దెచ్చిన. పోయినేడు వాన ఎట్ల వడ్డదనుకుంటున్నరు మీరు?"

అరుగంతా గొల్లుమంది. ఆ నవ్వులో బాలకిష్టయ్యకు కాస్త ప్రాణం లేచొచ్చింది. అంతలోనే శారదమ్మ చెయ్యెత్తి "ఏయ్, సుర్వయింది!" అంది. వీధి వీధంతా టీవీవైపు తిరిగింది.

తెరమీద మేజర్ చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. కోడిని చూసి అదిలించాడు, జవాన్లను తిట్టాడు. జనం ఈలలు వేశారు. బాలకిష్టయ్యకు అవేవీ చెవినెక్కడం లేదు. ఇంతలో ఢామ్మని బాంబు పేలింది. మేజర్ దబ్బున కందకంలోకి దూకి, లోపలి మట్టి గట్టు మీద చతికిలబడి, కళ్లు మూసుకున్నాడు. తన పని అయిపోయిందనుకున్నాడు బాలకిష్టయ్య.

కెమెరా మెల్లగా కందకంలోకి వంగింది. అక్కడ మేజర్ కాళ్లు ఆడుతున్నాయి. ఒకటి కిందికి, ఒకటి పైకి. అడ్డపోగును మోసే నాడె అక్కడ లేకున్నా కుడి చెయ్యి దాన్ని విసురుతోంది, ఎడమ చెయ్యి అందుకుంటోంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి తొక్కిన మనిషి. గుంతలో పడగానే కాళ్లూ చేతులూ ఆయన్ని అడక్కుండానే నేతకు దిగాయి. చుట్టూ తుపాకులు పేలుతుంటే, కళ్లు తెరవకుండానే మేజర్ గావుకేక పెట్టాడు:

"ఆపుర్రి! పోగు తెగింది!"

మేజర్ హుకుం గదా, జవాన్లంతా టక్కున తుపాకులు దించారు. యుద్ధం ఆగిపోయింది.

 వీధిలో లేచిన నవ్వుకు ఎదురింటి మెట్ల మీదున్న వాళ్లు కూడా కూర్చోలేకపోయారు. బాలకిష్టయ్య పిరికోడన్న మాట కోసం ఎదురుచూశాడు.

"మామా, బాంబులు వడ్తున్నా కాలు తప్పలే సూడు! ఒక్క తొక్కుడు గూడ తప్పలే!" అని శివశంకర్ ఎగిరి గంతేశాడు. మగ్గాల వాళ్లంతా అవునవునన్నారు. ఇస్రాయేలు లేచి నిలబడి, సిమెంటు చేత్తోనే సెల్యూట్ కొట్టాడు. బాలకిష్టయ్యకు గుండెల మీది బండ దిగినట్టయింది. ఇంత చిన్నదానికా ఇన్నాళ్లూ నిద్ర పాడుచేసుకున్నానని తనమీద తనకే జాలేసింది.

శారదమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"అయితే మేజర్ సాబ్, నీ ఎడమ చెయ్యి నాడె అందుకుంటుండె. కుడి చెయ్యి నాడె ఇసురుతుండె. ఇగ ఆ బాంబును ఏ చేత్తోని ఇసిరినవ్?"

బాలకిష్టయ్య తన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. మూడోది ఎక్కడా దొరక్క, ఆయన కూడా అందరితో పాటు పగలబడి నవ్వాడు.