కరువు పెట్టె తాళం తీసిన ఏడు

ఏమంటివి సుజాతా, మల్లొక్కసారి అను? సర్కారుకు ఖర్సులకు సాలక లోటు పడ్డదట, అయినా ఒక మూలకు పైకం దాచిపెట్టుకున్నదట, అది తీసి ఎందుకు వాడరని నీ నౌకరి పరీక్ష పుస్తకంల అడిగిండ్రా? పుస్తకంల రాసినట్టు నేను చెప్పలేను బిడ్డా. ముప్పై ఏండ్లు బడి చెప్పినోన్ని, నాకు కథ జెప్పుడే వస్తది. కూసో మరి.

నిజాం జమాన ముచ్చట. యుద్ధం ఇంకా మొదలు గాలె... కాదు కాదు, మొదలైంది, గ్యాసునూనె దొరకని దినాలే అవి. బీర్కూర్ దిక్కు ఒక ఊర్ల నేను కొత్తగ పంతులైన. జీతం పన్నెండు రూపాయలు, హాలి సిక్కా, అంటే నిజాం పైకం. నవ్వకు, గా పన్నెండుల మా అవ్వకు పంపి, అంగడి నాడు చాయ గూడ తాగుతుంటి. మా లచ్చవ్వక్కను గదే ఊరికిచ్చిండ్రు గనక తిండి ఆమె ఇంట్లనే.

బాన్సువాడ చుట్టూ నిజాం కట్టించిన సాగర్ కట్ట నీళ్లు పారుతుండె. వరి, చెరుకు, ఊర్లకు ఊర్లే పచ్చగైనయి. మా ఊరికి మాత్రం రాలె. పిల్లకాలువ మా పొలిమేరకు మైలు దూరంల ఆగింది. సర్కారుకు గా ఏడు రాబడి కంటె ఖర్సు ఎక్కువైందట, కొత్త పనులన్ని బంద్. గంగారాం బావకు, అంటే మా అక్క పెనిమిటికి, నాలుగెకరాల మెట్ట. రోజూ పొద్దుగాల పోయి ఆ కాలువ ఆగిన కాడ నిలబడుతుండె. "నీళ్లు కండ్లకు కనవడుతున్నయి పంతులూ, నోటికి అందుతలేవు" అంటుండె.

గప్పుడే తహసీలు కచేరిల కాగితాలు సూసే పేష్కార్ సాబ్ సిస్తు లెక్కలకు ఊరికొచ్చిండు. ముసలాయన, నిమ్మళమైన మనిషి. బడి వసారాల కూసొని చెప్పిండు: "పైకం లేక కాదు మాస్టర్ సాబ్. ఒక పెట్టె ఉన్నది. మంచిగ పండిన ఏడు వచ్చిన దాంట్ల నుంచి ఇంత తీసి అండ్ల ఏస్తరు. లోటు పడ్డా దాన్ని ముట్టరు. కరువొస్తేనే తాళం తీస్తరు." పెట్టె అంటే నిజం పెట్టె గాదు బిడ్డా, లెక్కల ఒక పద్దు. మాకు సమజ్ గావాలని గట్లన్నడు. మా ఊరోళ్లు నిజం పెట్టే అనుకున్నరు. అదెంత ఉంటది, ఎన్ని బండ్లు గుంజుతయి దాన్ని అని వారం దినాలు గదే ముచ్చట.

ఇగ సూడు మేం చేసిన పని. బావ అన్నడు, "కరువొస్తేనే తీస్తరు గదా? అయితే కరువొచ్చిందని రాద్దాం." గా దినాల్ల పంటను రూపాయి లెక్కన అంచనేస్తుండ్రి. నిండు పంటైతే పదహారణాలు, సగమైతే ఎనిమిది అణాలు. నాలుగణాలకు దిగిందంటే కరువు. కరువు పని తీస్తరు, అంటే మట్టి పని. గా పని పేరు మీద మన కాలువ తవ్విపిచ్చుకుందామని బావ ఎత్తు. ఊర్ల ఉర్దూ రాసేటోన్ని నేనొక్కన్నే. తప్పని తెలుసు. తెలిసే నాలుగణాలని అర్జీ రాసిన. కచేరికి నేనే తీస్కపోయి ఇచ్చిన.

పది దినాలకు పేష్కార్ సాబ్ గుర్రం మీద దిగిండు. తొవ్వకు రెండు దిక్కుల జొన్న, మనిషి మీద మూరెడెత్తు. కంకులు ఆయన టోపీకి తాకుతున్నయి! "మాస్టర్ సాబ్, నీ నాలుగణాల పంట నా టోపీ గుంజుకుంటున్నది" అన్నడు. ఊరంతా తల వంచుకున్నది. మా అక్క ఒక్కతే, "తప్పైంది సాబ్, నీళ్ల మీద ఆశ" అన్నది. ఆయన కోపం జెయ్యలె. నన్ను పక్కకు పిలిచి, "అండ్ల నీ ఊరి వంతొక్కటే లేదు. మరాఠోళ్ల దిక్కు డోంగ్లి వంతున్నది, నువ్వు నేను జూడని ఊర్ల వంతున్నది. పంట నిలబడ్డ ఏడు తీస్తే, ఎండిన ఏడు ఏం తీస్తం?" అని కాగితం జేబుల పెట్టుకొని పోయిండు. చింపలె. గదే నా ఫికర్.

రెండేండ్లకు నిజంగనే వానలు పోయినయి. జొన్న మోకాలెత్తుల మాడింది, బాయిలు అడుగంటినయి. బావ ఎడ్లను అంగడికి తోలుతనన్నడు. అక్క పగ్గాలు పట్టుకొని వాకిట్ల కూసున్నది. "ఇవి పోతే మల్ల దేనితోని దున్నుతవు, నా ఈపుతోనా?" అని ఆయనను అడిగి, నా దిక్కు తిరిగి "రాయిరా తమ్మీ" అన్నది. బావ, "వచ్చే అంగడి దాక ఆగుత, అంతే" అన్నడు.

ఏమని రాయాలె? అప్పుడు రాసింది నాలుగణాలే, ఇప్పుడు రాసేది నాలుగణాలే. అదే చేతిరాత. నమ్మేదెవరు? నా అబద్ధానికి ఊరు ఊరంత ఉపాసముంటదని భయమైంది బిడ్డా. అయినా రాసిన.

అంగడి రేపనంగ పేష్కార్ సాబ్ వచ్చిండు. చేన్లకు నడుచుకుంట పోయి ఒక కంకి తెంపి నలిపిండు, ఊదిండు. అరచేతిల ఒక్క గింజ మిగల్లె. నేను ఉండవట్టలేక, "సాబ్, మునుపటి కాగితం..." అన్న. "ఏ కాగితం? గది ఫైలుల చేరనేలేదు. చేరితే ఇయ్యాల నీ మాట ఎవలింటరు?" అన్నడు.

బావ అంగడికి పోలె. వారానికి కరువు పని తీసిండ్రు, మైలు దూరంల ఆగిన మా పిల్లకాలువ తవ్వుడే గా పని. నేనేం జెప్పాలె! ఎన్ని ఊర్ల మంది, మరాఠీ మాట్లాడేటోళ్లు గూడ, గంపలు పట్టుకొని బారుకు బారు. మేం అబద్ధమాడి గుంజుకోజూసిన పైకమే గదా అది. ఏ ఏడు, ఎవని చేన్ల పండిన పంటకు ఎవడు కట్టిన సిస్తో. మా నాయిన కట్టింది గూడ అండ్ల ఉండె గావచ్చు, ఆయన సచ్చి గప్పటికే ఎన్నేండ్లో. గది మట్టి గంపకు కూలయి, పొద్దూకే యాల్లకు అక్క కొంగుల జొన్నలయి వచ్చింది. మొకం దెల్వనోళ్లు మాకు బువ్వ దాచిపెట్టి పోయిండ్రని తలుసుకుంటె, ఇగో సూడు, ఇప్పటికి గూడ చేతి మీద వెంట్రుకలు లేస్తున్నయి.

మల్ల సాగర్ నిండినంక ఆ కాలువల నీళ్లొచ్చినయి. ముందుగాల ఎండుటాకులు, నురుగు, ఎనుక నీళ్లు. బావ కాలువల దిగి నిలబడ్డడు. అక్క ఎడ్లను తోలుకొచ్చి ముందు వాటికి తాపింది.

గా ఏడు సిస్తు కట్టేటప్పుడు బావ ఎన్నడు లేనిది గుణగలె. నేను నవ్వితె, "ఎవలకో అక్కరొస్తదిలే పంతులూ" అన్నడు. గంతే. ఎవలకో...

గా ఎవలకో అన్నోళ్లు ఇంకా పుట్టనే లేదు గదా బిడ్డా. సల్లగుండు. నీకు నౌకరి రావాలె, వాళ్ల వంతు నీ చేతుల్ల పదిలంగ ఉండాలె.