ఒకే చోటి నీళ్లు

వండూర్‌లో ఇంటి ముందు వల బాగుచేస్తూ తల్లి కూతుర్ని అడిగింది.

"డిగ్రీ రెండో ఏడు పిల్లకి రీసెర్చి పని ఇచ్చారేటే?"

"మేడమ్ వెంటపడి అడిగానమ్మా. మడ అడవి కాలవలో రోజూ సీసాకి నీళ్లు పట్టాలి."

"ఎక్కడ?"

"ఒకే చోట, ఒకే టైముకి. నేకపోతే రిజల్టు పనికిరాదంట."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. మొసలి కనిపెట్టి కాపు కాస్తుందని వాళ్లింట్లో ఎవరూ వరసగా రెండు రోజులు ఒకే చోట కాలవలో దిగరు.

"మొసలి గానీ కనబడిందేటే?"

"ఫారెస్టు గార్డు భయ్యా ఉంటాడు కదా, డర్ నహీ, భయం నేదు. అవతలొడ్డున ఒక దుంగ ఉంటాది, అంతే."

"ఇవాళ కూడా అక్కడే ఉందా?"

"నేదు. నీళ్లు అవతలొడ్డుకి లాగుతుంటే, అది ఎదురొచ్చి నేను దిగే చోటికే చేరింది."