ఎడమచేతి ఉస్తాద్

నాందేడ్‌లోని ఒక తాలీంలో కర్రసాము నేర్చుకోవడానికి కొత్త పిల్లలు నిలబడ్డారు. పంచులు, అంటే తాలీం పెద్దలు, ఓ పక్కన కూర్చున్నారు. పొద్దున పోటీలో గెలిచిన శిష్యురాలికి పాత ఉస్తాద్ తన కర్ర ఇచ్చాడు.

"పట్టు బిడ్డా. ఇగ ఉస్తాద్‌వు నువ్వే."

"పంచులు ఒప్పుకున్నరా?"

"నా కొడుకునే ఓడగొట్టినవ్, గెలుపు ఒప్పుకున్నరు. కానీ ఎడమచేతి మనిషి నేర్పితే పిల్లలు ఖరాబైతరంటున్నరు. ఇయ్యాల చూసి తేలుస్తరట."

"తప్పు నాదా ఉస్తాద్? ఆడపిల్లనని లోపలికి రానియ్యకపోతిరి. మా మిద్దె మీదికెళ్లి చూసి నేర్చుకున్న. మీరు శిష్యులకు వీపు పెట్టి, మా మిద్దెకు ఎదురుగ నిలబడి చూపిస్తుంటిరి. మీ కుడిచెయ్యి లేస్తే, ఆ దిక్కే ఉన్న నా చెయ్యి లేపిన. అది ఎడమదాయె."

"నువ్వు లోపలికొచ్చిన నాడు మస్తు నవ్విన. అద్దంలకెళ్లి దిగినవా అని."

"మార్చుకొమ్మని మాత్రం అనలే."

"ఎట్లంట? ఆ ఎడమ దెబ్బ ఆపుడు నాక్కూడా రాలే. సరే, పిల్లలకు వీపు పెట్టు. మన పద్ధతి గదే."

"నేను తిరగ, ఉస్తాద్. పిల్లలూ, నా దిక్కు చూడుండ్రి. నేను ఏ దిక్కు చెయ్యి లేపితే, మీరు ఆ దిక్కు చెయ్యే లేపుండ్రి. ఏక్, దో..."

"అరే! అందరి కర్రలు కుడిచేతులనే లేసినయి గద!"

"లేస్తయి మరి. అద్దాన్ని గద నేను."

"ఇన్నేండ్లు వీపు పెట్టి నేర్పిన. ఎనక ఎవడు తప్పు చేస్తుండో కనవడకపోయేది."

"నాకు అందరి మొఖాలు కనవడుతున్నయి."

"పంచులు గూడ తలలూపుతున్నరు. ఏమన్న చెప్తవా వాళ్లకు?"

"తర్వాత చెప్త. ఏయ్ ప్రథమేశ్, మోకాలు వంచు!"