పదిహేడో వరుస

పందొమ్మిది వందల తొంభై మూడు, జూన్ పద్నాలుగవ తేదీన మా పరిశోధన కేంద్రంలో సహాయ శాస్త్రవేత్తగా బాధ్యతలు స్వీకరించి, తమ కుర్చీ ఏదో అడగకముందే మొక్కలెక్కడని అడిగినవారు మన టమాటా మేడమ్ గారు. వేళ్లకు నీరు పుష్కలంగా అందుతున్నా, గాలి పొడిబారగానే టమాటా మొక్క ఎందుకు వాడిపోతుంది, వాడని మొక్క ఒక్కటైనా ఉంటే ఆ గుణం దాని జన్యువులలో ఎక్కడ దాగి ఉంది అన్న ప్రశ్నను వారు ఆనాడే పట్టుకున్నారు. పట్టుకున్నది వదలడం వారికి చేతకాదు.

గాలిలోని తేమను లాగివేసే గదిని పట్టుబట్టి కట్టించి, తొమ్మిదేళ్లపాటు ఎన్నో రకాలను పరీక్షించినా ఫలితం సున్నా. ఈ పంటకాలంలో తేలకపోతే గది మూసేస్తామని పై అధికారి కరాఖండిగా చెప్పేశారు. మేడమ్ గారు నవ్వి, మళ్లీ మొక్కల దగ్గరికి వెళ్లిపోయారు.

సరిగ్గా అప్పుడే, వారు రెండు రోజులు సమావేశానికి వెళ్లివచ్చేసరికి, మా తోటమాలి పెద్దాయన వాడిన మొక్కలను చూసి మనసాగక ఆకులపై నీళ్లు చల్లేశారు. ఏడాది శ్రమ అక్షరాలా నీటిపాలైంది. మేడమ్ గారు పెద్దాయనను అడిగారు.

"అన్నిటికీ చల్లేశారా బాబాయ్?"

"లేదమ్మా. ఆ పదిహేడో వరుస నిక్షేపంగా ఉంది. దానికెందుకులే అని వదిలేశా."

మేడమ్ గారు చేతిసంచీ అక్కడే పడేసి గదిలోకి పరుగెత్తారు. పెద్దాయన చెప్పింది నిజమే. వెంటనే వెళ్లి, జరిగిన తప్పును దాచకుండా అధికారికి విన్నవించి, మరొక్క పంటకాలం అడిగారు.

"పాడైన పరీక్షని నమ్మమంటారా?" అన్నారాయన.

"నమ్మొద్దు సార్. నేనూ నమ్మట్లేదు. అందుకే మళ్లీ వేస్తానంటున్నా."

ఆయన కాదనలేకపోయారు. ఆ వరుస మళ్లీ నిలబడింది. తదనంతరం దానిని మామూలు రకాలతో సంకరపరచి, వేలాది నారుమొక్కలను గాలించి, గాలి పొడిబారగానే ఆకుల సూక్ష్మరంధ్రాలను సకాలంలో మూసే గుణం రెండు జన్యువుల ఉమ్మడి ఫలమని మేడమ్ గారు నిరూపించారు. ఆ రెండూ మంచి కాపు ఉన్న ఒకే మొక్కలో కుదిరేసరికి వారి జుట్టు నెరిసింది. "ఆ మొక్కల పుట్టినరోజులు అమ్మకి కంఠతా వచ్చు, నాది మాత్రం నాన్న గుర్తుచేయాలి" అని వారి అమ్మాయి ఆటపట్టిస్తే, మేడమ్ గారు కాదని అనలేదు.

నిరుడు ఆ విత్తనం రైతుల చేతికి చేరింది. ఈ వేసవి వడగాలులలో, మేడమ్ గారు ఎన్నడూ చూడని పొలాలలో ఆ మొక్క కాయ నిలుపుకుంది. ఆ పొలాలన్నిటినీ నడిచి చూసివచ్చే సత్తువ వారి మోకాళ్లకూ, ఆ కాపును చూసి మురిసే తీరిక వారి మనసుకూ, అందుకు సరిపడా ఆయుష్షు వారికీ దండిగా దక్కాలని ఈ పదవీ విరమణ వేళ సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము.