డిక్కీలో లేని ఇసుక బస్తాలు

మిషిగన్ ఉత్తర కొసన, మంచు మీద వాన పడుతున్న మధ్యాహ్నం. తన పాత కారును ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వని తండ్రి పక్క సీట్లో కూర్చున్నాడు. కూతురు నడుపుతోంది. మనవడి హాకీ ఆటకు బయల్దేరారు.

"నాన్నా, బండి తోక కుడికి జారిపోతోంది!"

"బ్రేక్ ముట్టుకోకు. గ్యాస్ పెడల్ మీంచి కాలు తియ్యి. స్టీరింగ్ కూడా కుడికే తిప్పు. మెల్లగా... అదీ!"

"పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక చక్రాలు మాత్రమే లాగే ఈ డొక్కుని ఇంకా అమ్మవేం?"

"ముప్పై చలికాలాలు తిరిగాను. ఒక్కసారి కూడా నన్ను గుంటలో పడెయ్యలేదు."

"నడిపింది నువ్వు కాబట్టి. ఇవాళ తాళాలు నాకెందుకిచ్చావు మరి?"

"నేర్చుకుంటావని. ఇదుగో, మిట్ట వస్తోంది. మధ్యలో ఆగావంటే వెనక్కి జారతాం."

"చక్రాలు ఉత్తినే తిరుగుతున్నాయి! డిక్కీలో ఇసుక బస్తాలున్నా పట్టు దొరకదేంటి?"

"బస్తాలు లేవు."

"లేవా? నవంబరు రాగానే వెనక చక్రాల మీద బరువు కోసం నాలుగు బస్తాలు వేసేదాకా నీకు నిద్ర పట్టదుగా! మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. ఎత్తలేకపోయాను."

"నన్ను పిలవచ్చుగా నాన్నా?"

"పిలిస్తే, ఎందుకు ఎత్తలేవని అడుగుతావు. నన్ను కాదు, రోడ్డు చూడు. హమ్మయ్య, ఎక్కేశాం. కింద కూడలిలో ఎడమకి తిప్పు."

"ఆట కుడివైపు కదా?"

"తెలుసు తల్లీ. ఆస్పత్రి ఎడమవైపు. కంగారుపడి గ్యాస్ తొక్కేవు, మెల్లగానే పోనీ."