కామెరోకు తాత తిన్న కార్జం

షిమొనొసెకి చేపల రేవులో వేలంపాట ముగిసి, కామెరోకు అనే తాత వచ్చి హిసాయో కొట్టులో బల్ల ఎక్కాడంటే కోతలు మొదలైనట్టే. ఆయన కోతల పుణ్యమా అని సాకే సారా బాగా అమ్ముడుపోతుంది గనక హిసాయో నోరు మెదిపేది కాదు. ఫుగు చేప కోయడానికి లైసెన్సున్న మనిషి ఆవిడ. విషముండే కార్జాలన్నీ తాళమేసిన డబ్బాలో పడేసి, తాళంచెవి నడుముకే కట్టుకునేది.

"తిన్నది ఒక్క ముక్కేరా, ఫుగు కార్జం," అన్నాడు తాత. "పెదాలు కాస్త తిమ్మిరెక్కాయి."

"ఎందుకెక్కుతాయి తాతా?" అన్నాడు తత్సుహేయి. కొత్తగా పెళ్ళైన జాలరి, ఏది చెప్పినా నమ్మే రకం.

"చెప్తా విను. నరాల్లో ప్రతి కణానికీ పల్చటి పొర ఉంటుంది. ఆ పొర నిండా తలుపులే, ప్రోటీనుతో చేసినవి. బయట ఉప్పు కాచుక్కూచుంటుంది. నీ పెదానికి వేడి గిన్నె తగిలిందనుకో, రెప్ప వేసేలోపే ఓ తలుపు తెరుచుకుంటుంది, ఉప్పు లోపలికి దూకుతుంది, ఆ అదురుకి పక్క తలుపు తెరుచుకుంటుంది, దాని పక్కది, దాని పక్కది, అలా కబురు బుర్రదాకా పరిగెడుతుంది. ఫుగు విషం వచ్చి ఆ గుమ్మంలో బిరడాలా కూచుంటుంది. ఇక ఉప్పు రాదు, కబురు పోదు."

"మరి ఆ చేప చావదేం?"

"దాని గుమ్మం తీరు వేరు, బిరడా పట్టదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పళ్ళెం ఖాళీ చేశా! ఆపైన బుట్టెడు చేపల కార్జాలూ ఊడ్చేశా! వేళ్ళు పోయాయి, కాళ్ళు పోయాయి, ఊపిరాగింది. బుర్ర మాత్రం శుభ్రంగా ఉంది. సరేలే అని నాలోకి నేనే దిగా."

"నీలోకే!"

"ఆఁ! చూద్దును కదా, తలుపు తలుపుకీ బిరడా. పళ్ళతో పీకుతూ కూచుంటే ఎప్పటికి తెమలాలి? ఈల వేశా. టపటపా అన్నీ ఊడిపడ్డాయి! తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకునేసరికి ఒంట్లో ఉప్పు చాలక మన రేవు ముందున్న జలసంధిలోంచి లాగేశాయి. ఆ చప్పటి నీళ్ళలో ఓడలు సగందాకా దిగిపోయాయి. అవతలి ఒడ్డున మోజీ ఊళ్ళో చెరువు చేపలు సముద్రంలో ఈదాయి. కావాలంటే అడగండి!"

అందరూ పగలబడి నవ్వారు, తత్సుహేయి తప్ప. అతను బల్ల కిందనుంచి ఓ పెట్టె తీసి మూత తెరిచాడు. లోపల మంచుముక్కల మీద లేత పసుపు కార్జం.

"ఇవాళ నా వల్లో పడ్డ ఫుగుది తాతా. మా ఆవిడ రుచి చూడాలని ఒకటే గోల. ఆ ఈలేదో నేర్పు."

తాత మొహంలో నెత్తురు లేదు. వద్దంటే ఇన్నేళ్ళ పరువూ గంగలో కలుస్తుంది. "ముందు... చిన్న ముక్కే..." అని నసిగాడు.

హిసాయోకి ఒళ్ళు మండింది. నోరు విప్పితే ఈ ముసలాడు ఇక తన గడప తొక్కడు. తొక్కకపోతే పీడా పోయిందనుకుంది.

"తత్సుహేయీ, ఆరోజు తాతకి ఆ పళ్ళెం పెట్టింది నేను. అది కవాహగి చేప కార్జం. ఫుగుకి చుట్టమే, విషం లేదు, మా పిల్లలు కూడా తింటారు. తిమ్మిరి తాగుడువల్ల. తాగి ఈ బల్లకిందే గురకపెట్టాడు. ఆ పెట్టె ఇలా ఇయ్యి."

కొట్టంతా గొల్లున నవ్వింది. ఆవిడ కార్జాన్ని డబ్బాలో వేసి తాళం తిప్పింది.

తత్సుహేయి చిన్నబోయాడు. "అయితే ఆ తలుపులూ, ఉప్పూ కూడా కోతేనా తాతా?"

"కాదురా," అన్నాడు తాత తలెత్తకుండానే. "మా తమ్ముడు ఫుగు కార్జం తిని పోయినప్పుడు డాక్టరు చెప్పాడు. ఊపిరి ఆగిపోతున్నా వాడికన్నీ తెలుస్తూనే ఉన్నాయట. ఈలకి ఊడే బిరడాలే అయితే, వాడివాళ నీ పక్కన కూచుని నా కోతలు వినేవాడు."