అలిగి పోదామంటే పడవ అత్తది

"సంచి ఒళ్లె పెట్టుకో బిడ్డా, కింద తడుస్తది."

"తడవని."

"పట్టుచీరలున్నట్టున్నయి గద అండ్ల?"

"ఉన్నయి. పెండ్లినాటియి. అన్నీ తెచ్చుకున్న. ఇగ మల్ల రాను."

"రాకు తియ్. ఎవ్వలు రమ్మన్నరు? జర ఇటు జరిగి కూసో, పడవ ఒరుగుతుంది."

చెరువు నడిమధ్య దిబ్బ మీద నాలుగు గదుల గెస్ట్ హౌస్ వాళ్లది. మోటారు బోటు మరమ్మతుకని కామారెడ్డి వెళ్లి పది రోజులైంది. మిగిలింది ఒక్క కర్రపడవ, దాన్ని నడపడం వచ్చింది ఒక్క ముత్తవ్వకే. కాబట్టి కోడలు శ్రీలత మొగుడి మీద అలిగి పిట్లంలోని పుట్టింటికి వెళ్లాలన్నా, పాపం, అత్తగారే తెడ్డు వేయాలి.

"జల్ది ఎయ్యి అత్తమ్మా. ఎల్లారెడ్డిల పదిన్నర బస్సు పోతది."

"ఎదురుగాలి బిడ్డా. నా రెక్కలల్ల ఇంజనున్నదా?"

"పొద్దుగాల ఆ హైదరాబాదోళ్లను పది నిమిషాల్ల దించొచ్చినవ్."

"ఆళ్లు నలుగురే. నువ్వు, నీ కోపం, నీ సంచి, మస్తు బరువైతుంది."

"నన్ను నవ్వియ్యకు. నేను నవ్వ."

"నవ్వకు. అసలేమైందో మల్లొక్కపారి చెప్పు. పొద్దుగాల నేను ఈడ పడవల ఉన్న, నాకు సగమే ఇనబడ్డది."

"సగం ఇన్నది సాలదా?"

"ఎట్ల సాలుతది? వాన్ని తిట్టాలంటె పూర్తిగ తెలువాలె గద."

"ఆ హైదరాబాదామె పోయేటప్పుడు అడిగింది, 'జొన్నరొట్టెలు ఎవరు చేశారండీ, ఎంత మెత్తగా ఉన్నాయో' అని. నేను చేతులు తుడుసుకుంట దర్వాజ కాడికొచ్చిన. నీ కొడుకు నా దిక్కు సూసిండు. సూసి, 'మా వంటామె, మేడమ్' అన్నడు."

"వంటామె అన్నడా."

"వంటామె."

"అంటే… వంట జేసే ఆమె అని. అబద్ధమైతె కాదు గద."

"అత్తమ్మా!"

"సరే, సరే. తర్వాత?"

"ఆమె సూట్‌కేసులకెల్లి కట్టిడిసిన చీర తీసింది. 'కట్టుకోమ్మా, రెండుసార్లే కట్టాను' అన్నది. కొంగుకు కూర మరక ఉంది. నేను వండిన కూరనే. అది నా చేతుల పెట్టింది."

"తీస్కున్నవా?"

"తీస్కోక? వంటామెకు గింత పొగరా అనరా?"

"ఏం రంగు?"

"అత్తమ్మా!"

"ఊకె అడిగిన."

"ఇంక ఇను. 'మా ఇంట్లో పనికి వస్తావా, ఇక్కడ నెలకెంత ఇస్తున్నారు' అని నా చెవుల అడిగింది."

"ఓయమ్మో! నువ్వేమన్నవ్?"

"'ఏమిస్తలేరు మేడమ్, తిండి పెడ్తున్నరు' అన్న."

"అయ్యయ్యో! ఇంటి ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"వంటామెకు ఇజ్జతేంది? ఆమె ఫోన్ నంబర్ గూడ రాసిచ్చింది. ఇగో, కొంగుకు ముడేసుకున్న. పిట్లంల పొద్దువోకుంటె హైదరాబాద్ పోత."

"గప్పుడు దేవేందర్ ఏం జేస్తున్నడు?"

"పండ్లిగిలించుకుంట నిలవడ్డడు."

"వాని మొకాన మన్నువొయ్య!"

"ఫోన్ మోగుతుంది. నీ కొడుకే."

"నా చేతుల తెడ్డుంది. స్పీకర్ పెట్టు."

"నేను మాట్లాడ."

"మాట్లాడకు. ఒత్తి నా మూతి కాడ పట్టు, సాలు."

"అవ్వా! ఏడికిదాకా పోయినవ్? పన్నెండు గంటలకు ఎనమండుగురు దిగుతరంట, ఇప్పుడే ఫోన్ చేసిండ్రు. శ్రీలత ఉందా పడవల?"

"లేదురా. ఉత్త పడవనే నడుపుతున్న, పెయ్యినొప్పులు పోతయని."

"అవ్వా, పరాచికం కాదు. జొన్నపిండి కలిపిన. రొట్టె కొడ్తుంటె పలుగుతుంది."

"అత్తమ్మా, సన్నీళ్లతోని కలిపిండా అడుగు."

"ఒరేయ్, సన్నీళ్లతోని కలిపినవా అని అడుగుతుంది, ఈడ లేనామె."

"అవును."

"మసిలే నీళ్లు పొయ్యాలెనని చెప్పు. గట్ల సన్నీళ్లతోని కొడితె పొద్దూకినా రొట్టె కాదు. అసలెందుకు చెప్తున్న నేను? చెప్పకు అత్తమ్మా, ఏడువని."

"ఇన్నవారా?"

"ఇన్న. శ్రీలతా, జర ఇను. నేను కావాలని అనలే. అవ్వా, నువ్వన్న చెప్పరాదు, గా మాట నువ్వు…"

"ఆఁ? ఏందిరా? ఇనబడ్తలేదు! హలో! గాలి! బిడ్డా, కట్ చెయ్యి, ఎర్రది ఒత్తు. సిగ్నల్ పోయింది."

"మంచిగనే ఇనబడుతుండె గద?"

"నీకు ఇనబడ్డదేమో. నాయి ముసలి చెవులు."

"ఏదో చెప్పవోయిండు ఆయన."

"ఏం చెప్తడు? కారం డబ్బ ఏడుందని అడుగుతడు. వాని సంగతి నాకు తెల్వదా? నేను కన్న. నోరిడిస్తె సాలు, ఎదుటోళ్ల మనసుల ముల్లు గుచ్చుతడు. నువ్వు వంట జెయ్యవట్టి గద గా దిబ్బ మీదికి మనుషులు వస్తున్నరు! వంటామెనట, వంటామె! వాని నాలిక మీద వాత వెట్టాలె."

"వంటామె అన్నందుకు కాదత్తమ్మా నాకు."

"మరి?"

"వంట జేస్తున్న, అననీ. నీ కొడుకు దుబాయ్‌ల ఏం పని జేసిండో నీకు తెల్సా?"

"తెల్వకేంది? పెద్ద హోటల్ల సూపర్‌వైజర్. ముప్పై మంది వాని కింద."

"బోళ్లు తోమిండు."

"ఏందీ?"

"ఏడేండ్లు. సబ్బునీళ్లల్ల చేతులు పాసిపోయినయి. వీడియో కాల్ల చేతులు కనబడకుంట మాట్లాడేటోడు. బతుకమ్మ పండుగనాడు ఒక్కపారి ఏడ్సుకుంట నాకు చెప్పిండు. నాకొక్కదానికే. నేను మా బాపుకు చెప్పలే, నీకు చెప్పలే. పిట్లంల ఎవ్వలడిగినా సూపర్‌వైజరనే అన్న. మా చిన్నమ్మ ఎగతాళిగ అడిగితె మేనేజరన్న. ఆయన ఇజ్జత్ నేను గట్ల దాసిన. నాకు బాధనిపియ్యదా అత్తమ్మా? 'నా భార్య' అంటె ఆయన నోరు పడిపోతుండెనా? ఒక్క మాట. మూడక్షరాల నా పేరన్నా అనకపాయె."

"బోళ్లు తోమిండా నా కొడుకు."

"ఇప్పుడు నోరు జారిన. ఆయనకు తెల్వనియ్యకు."

"గట్లయితె మన ఇంట్ల ఒక్క గిలాస కడుగడేంది?"

"ఆడ తోమి తోమి సాలయిందంట."

"సాలయిందా! నీ కడుపు సల్లగుండ, గింత సంగతి కడుపుల పెట్టుకున్నవా నువ్వు. గసొంటి పిల్లను పట్టుకోని… పిట్లం పోదాం పా. నేనూ వస్త."

"నువ్వెందుకు?"

"వాన్ని మల్ల దుబాయ్ తోలుదాం. ఏజెంటుకు ఇయ్యాల్నే ఫోన్ చేద్దాం. మనిద్దరం గెస్ట్ హౌస్ నడుపుకుందాం. వాడుంటె ఏంది, లేకుంటె ఏంది?"

"నోటికొచ్చినట్టు అనకత్తమ్మా. దుబాయ్ ఎందుకు మల్ల?"

"పనికిరానోడు."

"ఎవ్వలు పనికిరానోడు? ఆ నాలుగు రూములకు సిమెంటు బస్తాలు ఎవ్వలు మోసిండ్రు? ఈత రాదు, నీళ్లంటె వణుకుతడు, అయినా గీ పడవలనే కండ్లు మూసుకోని కూసోని ఇటుక ఇటుక తెచ్చుకున్నడు."

"ఈత రానోడు చెర్వు నడుమ గెస్ట్ హౌస్ పెడ్తడా? తెలివి లేనోడు."

"తెలివి లేకుంటె మంది వస్తుండ్రా?"

"సోమరి."

"తెల్లారక ముందే లేస్తడు. పాయఖానలు ఆయననే కడుగుతడు, ఇంకొకళ్లను చెయ్యి పెట్టనియ్యడు."

"పెండ్లాం అంటె ప్రేమ లేనోడు."

"ఎందుకు లేదు? మొన్న నాకు జరమొస్తె రాత్రంత కూసున్నడు. నువ్వు గురక కొట్టినవ్."

"అయితె మంచోడంటవా?"

"మంచోడని నేనన్ననా? తిట్టకు అంటున్న. నేను తిడ్త, అది నా ఇష్టం. నువ్వు తల్లివి, నువ్వు తిడితె తల్గుతది."

"గట్లనా. నాకు తెల్వదు బిడ్డా, నేను సదువుకోలే."

"మల్ల ఫోన్."

"ఒత్తకు. మోగి మోగి ఊకుంటది."

"ఒత్తిన."

"అవ్వా… చెయ్యి కాలింది."

"ఏ చెయ్యి?"

"శ్రీలతా! నువ్వేనా? కుడి చెయ్యి. పెనం ముట్టిన."

"పెనం ముట్టుడేంది? పట్టుకార పొయ్యి పక్కన్నే ఉంటది, రోజూ సూడవా? సల్లనీళ్లల్ల పెట్టు. పొయ్యి బంద్ చెయ్యి. ఏదీ ముట్టకు. కూసో ఓ కాడ. వస్తున్న."

"వస్తున్నవా?"

"చెయ్యి కోసం వస్తున్న. నీ కోసం కాదు. పెడ్తున్న ఫోన్. అత్తమ్మా, పడవ తిప్పు."

"తిప్పుడెందుకు?"

"ఎందుకేంది? చెయ్యి కాలిందంట!"

"తిప్పే పని లేదు. ఎనుకకు మర్లి సూడు."

"ఇదేంది? మన దిబ్బనే గద! గా కోళ్ల గూడు మనదే గద!"

"మనదే."

"గంట సేపు తెడ్డేసి ఈడనే ఉన్నమా?"

"ఈడనే లేము. దిబ్బ చుట్టు మూడుపార్లు తిరిగినం. నువ్వు నా మొకంల మొకం పెట్టి మాట్లాడవడ్తివి, ఒడ్డు దిక్కు ఎన్నడు సూసినవ్?"

"నీది మామూలు తెలివి కాదత్తమ్మా."

"కోపంల ఉన్నోళ్లను ఒడ్డుకు దింపొద్దు బిడ్డా. దిగితె బస్సెక్కుతరు. పా, దిగుదాం. వాడు ఒడ్డు మీదికొచ్చి నిలవడ్డడు సూడు, గాలికి కొట్టుకొచ్చిన గొంగడి తీరుగ."

"ఏమనకు. నేనే అడుగుత."

"అడుగు, అడుగు. మల్ల పాత ముచ్చట తవ్వకుండ్రి గని. చెయ్యి సూసినమా, వంట చేసినమా, అయిపోయింది. అయినదాన్ని ఎందుకు కెలుకుడు?"

"తాడు ఇసురవ్వా. శ్రీలతా, వచ్చినవా."

"చెయ్యి సూపియ్యి."

"అంత కాలలే."

"బొబ్బనే రాలే గద!"

"గోరంత కాలింది. కొంచెం ఎక్కువ చెప్పిన. చెప్పకుంటె వస్తుంటివా?"

"అబద్ధాలకైతె నోరు మంచిగ లేస్తది. నిజానికే లేవదు."

"తప్పయింది శ్రీలతా. ఇయ్యాల వచ్చేటోళ్లకు ముందుగాల్నే చెప్త, నా భార్య వండుతది అని. ఒక్కొక్కరికి చెప్త. బోర్డు మీద నీ పేరు రాయిస్త."

"బోర్డు వద్దు. నా మొకం సూసి నోటితోని చెప్పు, సాలు."

"చెప్త. పొద్దుగాల ఆమె గా చీర ఇస్తుంటె భూమి పలిగితె బాగుండనిపిచ్చింది. అది నవ్వు గాదు శ్రీలతా, ఏం జెయ్యాల్నో తెల్వక మొకం గట్లయింది. నేను ఎన్నడో అన్న, గిట్ల చెప్పుడు మంచిగుండదవ్వా అని."

"అవ్వతోని అన్నవా?"

"దేవేందర్, తాడు గట్టిగ కట్టురా. మాటలు తర్వాత."

"ఆగత్తమ్మా. అవ్వతోని ఎందుకన్నవ్?"

"అవ్వనే గద చెప్పుమన్నది! 'మన ఇంటి కోడలు పరాయోళ్లకు వండిపెడ్తుందని తెలిస్తె సుట్టాలల్ల ఇజ్జత్ పోతది, వంటామెను పెట్టుకున్నమని చెప్పు' అని దసరా కెల్లి చెవుల పోరుతుంది. ఫోన్ల చెప్పవోతె సిగ్నల్ లేదన్నది."

"నీ ఇజ్జత్ కోసమే బిడ్డా! నీ తోడు, నీ కోసమే! నిన్ను ఎవ్వలన్నా వంటామె అంటరేమోనని…"

"ఎవ్వలో అనకముందే నీ కొడుకుతోని అనిపిచ్చినవ్."

"అదే… చెప్పుతుంటె గట్లనే ఉంది గని, మనసుల మంచిగుండె."

"మరి నిన్నేమని చెప్తుండు గెస్టులకు? పడవ నడిపే అవ్వ అనేనా?"

"లేదు. తనను ఓనరమ్మ అని చెప్పుమన్నది. పడవ సరదాకు నడుపుతదని."

"అత్తమ్మా."

"ఆఁ, బిడ్డా?"

"నువ్వు దిగకు. బీబీపేటల నీ తల్లిగారింటికి పోక ఎన్నేండ్లాయె?"